దోషమే గుణమైన నాదము

కావ్యదోషములను లెక్కించిన ఆలంకారికులు వానికి మినహాయింపులను గూడ చెప్పిరి. చెవికి కఠినముగా దోచు అక్షరములను కూర్చుట శ్రుతికటుత్వమను దోషము. శృంగారమున అది సహింపరానిది. కాని రౌద్రరసము పొంగవలసిన చోట, కుపితుడు పలుకవలసిన చోట, ఆ కాఠిన్యమే గుణమగునని మమ్మటుడు కావ్యప్రకాశమున వివరించెను. దోషగుణములు శబ్దమునంటి స్థిరముగా నుండవనియు, సందర్భమును బట్టి మారుననియు దీని సారాంశము. ఈ సూత్రమునకు కావ్యలోకము వెలుపల ఒక చక్కని నిదర్శనము కలదు. అది పాశ్చాత్య జనప్రియ సంగీతమున ఏడు దశాబ్దములకు పైగా మ్రోగుచున్న ఎలక్ట్రిక్ గిటారు ‘డిస్టార్షన్’. దీనిని తెలుగున విరూపణమనవచ్చును.

ఒకప్పుడు ఈ గర్జనను పుట్టించుటకు పెద్ద యంత్రములు, విశాలమైన గదులు, ఓర్పుగల ఇరుగుపొరుగులు కావలసియుండెను. నేడు ఒక విద్యార్థి చదువుకొను బల్లపై నున్న కంప్యూటరుకు గిటారును తగిలించి, చెవులకు హెడ్‌ఫోనులు పెట్టుకొని, ప్రక్క గదిలో నిద్రించు తల్లిదండ్రులకు వినబడకుండనే ఆ గర్జనను ముద్రించుకొనగలడు. ఈ సౌకర్యమున యంత్రము చేయు పని ఎంత, మనిషికి మిగిలిన పని ఎంత అనునది విచారింపదగిన విషయము.

ప్రమాదములనుండి పుట్టిన ధ్వని

విరూపణము ఎవరో పరిశోధనాలయమున కూర్చుండి కనిపెట్టినది కాదు. చెడిపోయిన వస్తువులనుండి పుట్టినది. 1951లో అమెరికాలోని మెంఫిస్ నగరమున ‘రాకెట్ 88’ అను పాట ముద్రితమైనది. గిటారు వాయించిన విల్లీ కిజార్టు ఆంప్లిఫయరు దారిలోనే దెబ్బతిన్నది. చెడిన లౌడుస్పీకరులో కాగితములు కుక్కి, బుసబుసలాడు ఆ ధ్వనితోనే పాటను ముగించిరి. 1958లో లింక్ రే ‘రంబుల్’ అను వాద్యరచన కొరకు స్పీకరుకు బుద్ధిపూర్వకముగనే రంధ్రములు పొడిచెను. 1964లో ఇంగ్లండున కింక్స్ బృందమునకు చెందిన డేవ్ డేవీస్ తన చిన్న ఆంప్లిఫయరు స్పీకరును బ్లేడుతో కోసెను.

వీనికి నడుమ మరియొక ముఖ్యఘట్టము గలదు. 1961లో వెలువడిన మార్టీ రాబిన్సు పాట ‘డోంట్ వర్రీ’లో గ్రేడీ మార్టిన్ వాయించిన బాస్ గిటారు, స్టూడియో యంత్రములో ఒక భాగము చెడియుండుటచే గరగరలాడినది. దానిని తొలగింపక అట్లే ఉంచిరి. ముద్రణ నిర్వహించిన ఇంజనీరు గ్లెన్ స్నాడీ అటుపిమ్మట ఆ లోపమును ట్రాన్సిస్టర్లతో అనుకరించు ఉపకరణమును నిర్మింపగా, 1962లో అది ‘ఫజ్ టోన్’ అను పేర అంగడికెక్కెను. చెడిపోయిన యంత్రమునకు నకలుగా, చెడిపోని యంత్రమును డబ్బిచ్చి కొను కాలము అప్పుడారంభమైనది. 1965లో రోలింగ్ స్టోన్సు బృందము ‘శాటిస్‌ఫాక్షన్’ పాటలో దానిని వాడిన తరువాత ఆ గరగర లోకవిదితమయ్యెను.

గృహముద్రణకు అసలైన పూర్వరూపము 1968 నాటిది. బీటిల్సు ‘రివల్యూషన్’ పాటకు ఆంప్లిఫయరునే వదలి, గిటారు తీగను తిన్నగా స్టూడియో మిక్సింగ్ యంత్రమునకు తగిలించి, అందలి భాగములను శక్తికి మించి త్రోసిరి. యంత్రమును కాపాడవలసిన ఇంజనీరు దృష్టిలో అది అపరాధము. పాటకు మాత్రము ప్రాణము. నేడు గిటారును కంప్యూటరుకు తగిలించు ప్రతివాడును తెలిసియో తెలియకయో ఆ దారినే నడచుచున్నాడు.

నాదమునకేమి జరుగును?

వాల్వుగాని ట్రాన్సిస్టరుగాని ఒక హద్దువరకే ధ్వనితరంగమును పెంచగలదు. హద్దు మీరినచో తరంగశిఖరములు తెగి చదునగును. గుండ్రని అల చతురస్రమునకు దగ్గరగును. ఇట్లు రూపము మారిన తరంగమున, మూలస్వరమునకు మూడింతలు, ఐదింతలు, ఏడింతలు పౌనఃపున్యము గల అనుస్వరములు కొత్తగా పుట్టును. శిఖరమొక తీరుగ, ద్రోణియొక తీరుగ తెగినచో రెండింతలు, నాలుగింతలు గలవియు చేరును. తీగ కంపనము క్షీణించుచున్నను, హద్దుకు పైనున్నంత సేపు వినబడు ధ్వని తగ్గదు. కావుననే మీటిన స్వరము కమానుతో లాగినట్లు దీర్ఘముగా నిలుచును.

మన తంబురా ఎరిగినవారికి ఇది పూర్తిగా వింత కాదు. తంబురా గుర్రముపై తీగకు అడుగున సన్నని దారమును జరిపి జీవాళి పట్టుదురు. తీగ గుర్రమును తాకీ తాకక జుమ్మనును, అనుస్వరములు విచ్చుకొనును. ఆ జుమ్మనుట లేని తంబురా నిర్జీవము. అయితే ఒక భేదము గలదు. తంబురాలో ఏ తీగ జీవాళి దానిదే. గిటారున ఆరు తీగల ధ్వనులును ఒక్క తీగెలో కలిసిన పిమ్మటనే విరూపణము జరుగును. అందుచే రెండు స్వరములు మ్రోగినప్పుడు వాని మొత్తములు, భేదములు గూడ కొత్త ధ్వనులై పుట్టును. షడ్జ పంచమములు రెండు మూడుల నిష్పత్తిలో నుండుటచే వాని భేదము ఒకటి, అనగా క్రిందిస్థాయి షడ్జమే. అందుచేత ఆ జంట ఎంత గర్జించినను పొందిక చెడదు. నిండుగా స్వరములు పేర్చిన కార్డు మాత్రము అదే యంత్రమున బురదయగును. రాక్ వాద్యకారులు ‘పవర్ కార్డు’ అని షడ్జ పంచమములనే పట్టుకొనుటకు కారణమిది. తంబురాను శ్రుతిచేయు స్వరములును సాధారణముగా అవియే యగుట గమనింపదగినది.

విద్యుత్తు తీగవాద్యమున చేరిన మాత్రమున గర్జన కావలెనని నియమము లేదు. 1969లో పాలకొల్లున జన్మించిన శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌పై కర్ణాటక సంగీతమును వాయించి లోకమును మెప్పించెను. ఆయనకు విద్యుత్తు ఉపకరించినది నాదము నిలిచి గమకము పలుకుటకు. అచట శుద్ధతయే గుణము. సాధన మొక్కటే, రసములు వేరు.

బల్లపై స్టూడియో

గృహముద్రణ గొప్ప ఫలితములిచ్చునని కంప్యూటర్లకు పూర్వమే టామ్ షోల్జ్ నిరూపించెను. పొలరాయిడ్ సంస్థలో ఇంజనీరుగా నుండిన ఆయన తన ఇంటి నేలమాళిగలో అధికభాగము ముద్రించిన ‘బోస్టన్’ ఆల్బము 1976లో వెలువడి విశేషప్రచారమందెను. నేటి సాధనసామగ్రి అంతకంటె స్వల్పము: గిటారు, ఆడియో ఇంటర్‌ఫేసు, కంప్యూటరు, హెడ్‌ఫోనులు.

ఇంటర్‌ఫేసులో గిటారు కొరకు ప్రత్యేకించిన ద్వారమునే వాడవలెను. అది సుమారు పదిలక్షల ఓముల నిరోధము గలది. మామూలు ద్వారమునకు తగిలించినచో పికప్పుపై భారము పడి స్వరములోని వెలుగు తగ్గును. ఇచట రెండు హద్దుల నడుమ భేదమును గుర్తెరుగవలెను. ఆంప్లిఫయరు హద్దును మీరుట సంగీతము; కంప్యూటరులో ప్రవేశించు సంకేతము అంకెల హద్దును మీరుట కేవలము నష్టము. అచట తెగిన శిఖరము తిరిగి రాదు. 24 బిట్ల ముద్రణలో కావలసినంత చోటుండును గనుక, గట్టిగా మీటినప్పుడు సయితము సూచిక హద్దుకు పది పన్నెండు డెసిబెల్స్ దిగువనే యుండునట్లు చూచుకొనుట వివేకము. దోషమును కోరుకొనువాడు మొదట నిర్దోషమైన ముద్రణ చేయవలెనన్నమాట.

పిమ్మట సాఫ్టువేరు ఆంప్లిఫయరు పాత్ర వహించును. క్రొత్తవారు తరచు నిరాశపడునది ఇచటనే: వినబడునది గర్జన కాదు, కందిరీగల రొద. కారణము లౌడుస్పీకరు లేకపోవుట. గిటారు ఆంప్లిఫయర్లలోని పన్నెండు అంగుళముల స్పీకరు సుమారు ఐదువేల హెర్ట్‌జులు దాటిన ధ్వనులను వేగముగా అణచివేయును. ఆ అణచుటయే కరకు అనుస్వరములను మచ్చిక చేయును. ఒక స్పీకరు పెట్టె, దాని ముందుంచిన మైకు కలిసి ధ్వనిని మార్చు తీరును లఘుధ్వనిగా కొలిచి భద్రపరచుదురు. దానికి ‘ఇంపల్స్ రెస్పాన్సు’ అని పేరు. కంప్యూటరు ఆ కొలతను గిటారు ధ్వనికి వర్తింపజేయగనే రొద నాదముగా మారును. ఆంప్లిఫయరు ఎంత ప్రియమైనదని కాక, ఈ కొలత ఎట్టిదని మొదట విచారించుట మేలు.

మరి రెండు చిక్కులు గలవు. మొదటిది ఆలస్యము. కంప్యూటరు ధ్వనిని ముక్కలుగా గ్రహించును. క్షణమునకు 48,000 నమూనాల వేగమున 128 నమూనాల ముక్కకు సుమారు 2.7 మిల్లీసెకండ్లు పట్టును; రాకపోకలు రెండును కలుపుకొనవలెను. గాలిలో ధ్వని ఒక మీటరు నడచుటకు సుమారు మూడు మిల్లీసెకండ్లు పట్టును గనుక, ఇది స్పీకరుకు రెండు మూడడుగులు వెనుకకు జరిగి నిలుచుట వంటిది. ముక్క పెద్దదైనకొలది దూరము పెరిగి, చేతికిని చెవికిని పొత్తు చెడును. రెండవది, ఆ వేగమున 24,000 హెర్ట్‌జులు మించిన ధ్వనులకు తావులేదు. విరూపణమున పుట్టిన 35,000 హెర్ట్‌జుల అనుస్వరము బయటికి పోక వెనుకకు మడిగి 13,000 వద్ద అపస్వరమై తేలును. మంచి సాఫ్టువేరు లోలోపల నమూనాల వేగమును పలురెట్లు పెంచి దీనిని నివారించును. దోషములలోను సుదోషము, దుర్దోషము అని భేదము గలదన్నమాట.

యంత్రమునకు లొంగని భాగము

ఇంతవరకు చెప్పినది యంత్రధర్మము. ఇక వాద్యకారుని పని. గదిలో ఒంటరిగా వాయించునప్పుడు ఇంపుగా దోచు విరూపణము, డ్రమ్ములు, బాస్, గాత్రముతో కలిసినప్పుడు మసక యగును. మితిమీరినచో మీటు దెబ్బ మొన పోయి అన్ని స్వరములు ఒకే ఎత్తున వినబడును. ఆ మీటను కొంత తగ్గించినప్పుడే ముద్రణలో ధ్వని పెద్దదిగా దోచుట అనుభవజ్ఞులకు తెలిసిన విశేషము. వెడల్పు కొరకు ఒక ముద్రణకు నకలు తీసి ఎడమ కుడుల నుంచుట వ్యర్థము. సమానమైన రెండు నకళ్లు నడుమనే వినబడును. అదే వరుసను రెండుమార్లు వాయింపవలెను. రెండుచేతల నడుమ తప్పని అతిసూక్ష్మభేదమే ఆ వైశాల్యమునకు మూలము. ఇచటను గుణమునకు పుట్టిల్లు మానవుని అసంపూర్ణతయే.

కంప్యూటరు ఇచ్చు మహోపకారము మరియొకటి గలదు. శుద్ధమైన గిటారు ధ్వనిని విడిగా భద్రపరచి, ఆంప్లిఫయరును తరువాత ఎన్నిమార్లైనను మార్చుకొనవచ్చును. పాత వాద్యకారుడు స్పీకరును కోసిన పిదప వెనుకకు పోలేడు. నేటివాడు ఎన్నడును కోయనక్కరలేదు. ఇందులోనే అపాయము పొంచియున్నది. వందల ఆంప్లిఫయర్ల నమూనాల నడుమ తిరుగుచు, ఏదియు నిర్ణయింపక, పాటను ముగింపలేకపోవుట సులభము. చేయి తాను వినుచున్న ధ్వనిని బట్టియే మీటును. దీర్ఘముగా నిలుచు నాదమును విని వ్రేలు ఆగును, కరకును విని మెత్తబడును. వినిన ధ్వని యొకటి, తుదకు అతికించిన ధ్వని మరియొకటియైనప్పుడు ఆ సంభాషణ తెగిపోవును.

పూర్వము స్టూడియోలో ఆక్షేపించు ఇంజనీరు, చాలుననెడి సహవాద్యకారుడు, తలుపు తట్టు పొరుగువాడు ఉండెడివారు. ఇంట హెడ్‌ఫోనులు పెట్టుకొన్న ఏకాకికి వీరెవ్వరును లేరు. కావున అతడు తనకు తానే సహృదయుడును విమర్శకుడును కావలెను. ఔచిత్యము లేనిచో గుణములు సయితము శోభింపవని క్షేమేంద్రుని మతము. దోషములను బజారులో కొనవచ్చును, ఉచితముగను పొందవచ్చును. అవి ఏ పాటలో, ఎంత మేర, ఎచట ఉండదగునో చెప్పు చెవిని మాత్రము సాధనచే సంపాదించుకొనవలసినదే.