పొలం గట్లే వీధులయ్యాయి

దుకాణం ఎక్కడో, కాపురం ఎక్కడో తేలకుండానే పెరిగిన కానూరు

కానూరు: విజయవాడ నుంచి బందరు వైపు బయలుదేరితే పటమట దాటగానే కానూరు, ఆపైన తాడిగడప, పోరంకి, పెనమలూరు వరసగా తగులుతాయి. ఏ ఊరు ఎక్కడ ముగిసిందో, ఏది ఎక్కడ మొదలయిందో బోర్డు చదివితే గాని తెలియదు. ఒకప్పుడు బందరు కాలువ కింద వరి, చెరకు పండిన భూములివి. చెరకు ఉయ్యూరు ఫ్యాక్టరీకి వెళ్ళేది. ఆ చేలల్లో ఇప్పుడు మేడలు లేచాయి. పట్నం పక్కనున్న ఊరు పెరగకుండా ఎలా ఉంటుంది? చిక్కల్లా పెరిగిన తీరులో ఉన్నది.

పెద్ద రోడ్డు మీద నిలబడి చూస్తే ఆ చిక్కు కనిపించదు. అటూ ఇటూ బట్టల షాపులు, ఆస్పత్రులు, బ్యాంకులు దర్జాగానే ఉంటాయి. లోపలి సందుల్లోకి తిరగాలి. ఒక పక్క కాపురాలు, ఎదురుగా ఇనుప సామాను గోడౌను. లారీ వెనక్కి వస్తూంటే అరుగు మీద కూర్చున్నవాళ్ళు లేచి లోపలికి వెళ్ళవలసిందే. సందు ఉన్నట్టుండి ఎడమకు విరుగుతుంది. అక్కడితో ఒక రైతు పొలం అయిపోయి మరొకరి గట్టు మొదలయింది మరి! గట్టు వీధి అయింది, పంట బోదె మురుగు కాలువ అయింది. బోదె నీరు పారేందుకు తవ్వినదే గాని నాలుగు వందల ఇళ్ళ వాడకం నీరు మోసేందుకు తవ్వినది కాదు. వానాకాలం వస్తే ఆ సంగతి వీధిలో నిలిచిన నీళ్ళే చెబుతాయి.

ఆటోనగర్‌కు ప్లాను ఉన్నది

ఈ చుట్టుపక్కల ప్లాను వేసి కట్టినది లేకపోలేదు. విజయవాడ వీధుల్లో ఎక్కడపడితే అక్కడ జరిగే లారీ మరమ్మతులను ఒకచోటికి చేర్చాలని 1960ల్లో ఊరి శివార్లలో జవహర్ ఆటోనగర్ పెట్టారు. బాడీ బిల్డింగు షెడ్లు, లేతు మిషన్లు, కమాన్ కట్టల పని, పెయింటింగు అన్నీ అక్కడికి చేరాయి. వన్‌టౌన్ ఇరుకు సందుల్లోని హోల్‌సేల్ వ్యాపారం కోసం దరిమిలా గొల్లపూడి వైపు వాణిజ్య సముదాయం కట్టినదీ ఇదే ఆలోచనతో.

అయితే షెడ్డుకు చోటు చూపించినవారు షెడ్డులో పనిచేసేవాడి ఇంటికి చోటు చూపించలేదు. పనివాళ్ళు పక్కనున్న కానూరులో అద్దెకు దిగారు, కూడబెట్టుకొని సెంటో, సెంటున్నరో కొనుక్కున్నారు. 1977లో కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగు కాలేజీ వచ్చింది. స్థలాలకు గిరాకీ మరింత పెరిగింది. 2011 జనాభా లెక్కల నాటికి కానూరు జనం 49 వేలు. అప్పటికీ అది పంచాయతీయే. చుట్టుపక్కల పంచాయతీలతో కలిపి తాడిగడప పురపాలక సంఘంగా చేసింది 2020-21లో. అంటే పట్నం వచ్చి కూర్చున్న తరువాత పట్నానికి తగిన ఆఫీసు వచ్చిందన్నమాట.

అడిగేవారే లేరా అంటే ఉన్నారు. 1975 నాటి పట్టణాభివృద్ధి చట్టం కింద 1978లో విజయవాడ-గుంటూరు-తెనాలి-మంగళగిరి పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. ప్రజలు ‘ఉడా’ అని పిలిచింది దీనినే. 2014లో దాని స్థానంలో సి.ఆర్.డి.ఎ. వచ్చింది. ఇటువంటి సంస్థల ప్లానుల్లో మామూలుగా నివాసాలకు పసుపు, వాణిజ్యానికి నీలం, సేద్యానికి ఆకుపచ్చ రంగు వేస్తారు. ఆ పటం ఆఫీసు గోడ మీద ఉండిపోయింది. స్థలాల బేరం మటుకు చెట్టు కింద టెంటులో జరిగింది. ఉడా అనుమతి లేకపోయినా ‘పంచాయతీ లేఅవుట్’ అన్న మాట విని, గోళాకారపు ముద్ర చూసి పెక్కుమంది కొన్నారు.

వెయ్యి గజాల ఆశ

లెక్క చూస్తే ఆశ ఎక్కడున్నదో తెలుస్తుంది. ఎకరం అంటే 4,840 గజాలు. పద్ధతిగా లేఅవుట్ వేస్తే 10 శాతం, అంటే 484 గజాలు, పార్కుకో బడికో ఖాళీగా వదలాలి. రోడ్లకు ఇంచుమించు మూడో వంతు పోతుంది. అమ్మకానికి మిగిలేది 2,700 గజాల పైచిలుకు. రోడ్డును 16 అడుగులకు కుదించి, ఖాళీ స్థలం ఎగవేస్తే అదే ఎకరంలో వెయ్యి గజాలకు పైగా అదనంగా అమ్ముడుపోతాయి. ఆ లాభం ఒక్కసారితో సరి. ఇరుకు మాత్రం ఆ వీధిలో ఉన్నవాళ్ళకు తరతరాలూ ఉంటుంది.

2007 చివర ప్రభుత్వం లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం తెచ్చింది. ఖాళీ స్థలం వదలని చోట ప్లాటు విలువలో 14 శాతం కట్టమన్నది. 2 లక్షల ప్లాటుకు 28 వేలు. వదలనివాడు వెళ్ళిపోయాడు, కట్టవలసినవాడు కొన్నవాడు. కట్టినందుకు ఆ వీధిలోకి పార్కు రాలేదు. 16 అడుగులు 40 కాలేదు. 2020లో మళ్ళీ అటువంటి పథకమే వచ్చింది. ఇలా మాటిమాటికీ మాఫీ దొరుకుతూంటే అనుమతి తీసుకున్నవాడే తెలివితక్కువవాడని జనం అనుకోరా?

వాణిజ్య భవనానికి మామూలుగా 40 అడుగుల రోడ్డు ఉండాలని 2012 నాటి భవన నిబంధనలు అడిగాయి. ఇరుకు సందుల్లో అది సాధ్యం కాదు. అయినా కింద గోడౌను, పైన కాపురం వస్తూనే ఉన్నాయి. కిరాణా కొట్టుతో, టైలరు దుకాణంతో ఎవరికీ పేచీ లేదు. అవి ఇళ్ళ మధ్య ఉండవలసినవే. పేచీ రాత్రి పదింటికి దింపే మార్బుల్ లారీతో, బాజాలు మోగే ఫంక్షన్ హాలుతో.

గంగూరు, ఈడుపుగల్లు, కంకిపాడు వైపు రైతులకు ఇంకా కొంత వ్యవధి ఉన్నది. పొలం అమ్మేముందు సర్వే నంబరుతో భూ వినియోగ ధ్రువపత్రం అడిగితే ఆ భూమి ప్లానులో ఏ రంగులో ఉన్నదో రాసి ఇస్తారు. లేఅవుట్ రోడ్లు, ఖాళీ స్థలం పంచాయతీ పేర దానపత్రంగా రిజిస్టరు అయ్యాయో లేదో సర్పంచి చూడాలి. మాటతో వదిలిన పార్కు పదేళ్ళకు ప్లాటు అవుతుంది. ముసాయిదా ప్లాను ప్రకటించినప్పుడు గడువులోగా అభ్యంతరం రాసి ఇవ్వవచ్చు. ఎకరం ఉన్నవాడి చేలో గీత పడి 60 అడుగుల రోడ్డు పోతే ఆ నష్టం చిన్నది కాదు. అది చెప్పుకొనే వేళ అప్పుడే.

బోదె మాట కూడా అప్పుడే అడగాలి. పై పొలం ప్లాట్లయి బోదె పూడిపోతే, దిగువన ఇంకా వరి వేసే రైతుకు నీరు ఏ దారిన వస్తుందో ఆ కాగితంలోనే రాయించుకోవాలి.