పప్పులో ఇనుము ఒంటబట్టాలంటే

మెట్లెక్కితే ఆయాసం. పరీక్షిస్తే రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ల బాలికల్లో 59 శాతం మందికి ఈ లోపం కనిపించింది. డాక్టరు మాత్రలు రాసి, డైటీషియన్‌ను కూడా కలవమన్నారనుకోండి. ఆవిడ మొదట అడిగేది: "నిన్న ఏమేం తిన్నావు? ఎప్పుడెప్పుడు?" దాచకుండా చెప్పండి, మిరపకాయ బజ్జీలతో సహా!

తోటకూర పప్పన్నం తిన్న వెంటనే టీ తాగారా? ఒక చిక్కు అక్కడే ఉంది. టీలోని టానిన్లు ఆకుకూరలోని ఇనుమును పట్టుకొని పేగుల్లోకి ఇంకనివ్వవు. నిమ్మరసంలోని విటమిన్ సి మాత్రం ఆ ఇనుమును పేగులు సులువుగా పీల్చుకునే రూపంలోకి మారుస్తుంది. అందుకే ఆవిడ మీ ఇంటి వంట మార్చమనరు. టీ ఓ గంట ఆగి తాగమంటారు, దింపిన పప్పులో నిమ్మచెక్క పిండమంటారు. నిమ్మకాయ లేని రోజున జామకాయ. అదీ కుదరకపోతే మళ్ళీ వెళ్ళి చెప్పండి; ఇంకో దారి వెదుకుతారు.