చదరంగపు చిక్కులకు పేరు పెట్టుట

శ్రీకూర్మములో ఒక మిత్రుని యింటి అరుగుపై ఇటీవల మేమొక చిన్న తగవు వింటిమి. మేనమామయు మేనల్లుడును చదరంగపు బల్లకు ఇరువైపుల కూర్చుండి, పుస్తకములోని ఒక చిక్కును విప్పిరి. జవాబు విషయమున ఇద్దరికిని భేదము లేదు. దానికేమి పేరు పెట్టవలెనన్న చోటనే తగవు. “ఇది ఫోర్కు మావయ్యా” అని కుర్రవాడు. “కాదురా, రాజును మూలకు లాగడమే ఇందులో కిటుకు” అని పెద్దాయన.

ఆ చిక్కు 1966లో మాస్కోలో జరిగిన ప్రపంచ చాంపియన్ పోటీ పదవ ఆటలోనిది. పెట్రోస్యాన్ తెల్లపావులతో ఆడుచు, తన మంత్రిని నల్లరాజు ప్రక్కనే మూలగడిలో పెట్టెను. రాజు దానిని చంపక తప్పదు. చంపినచో తెల్లగుర్రము ఒక ఏనుగును చంపుచు, మూలనున్న రాజుపైనను, దూరముననున్న నల్లమంత్రిపైనను ఒక్కసారే దాడి చేయును. రాజు తప్పుకొనగానే మంత్రి పోవును. స్పాస్కీ అంతవరకు ఆగక ఓటమి అంగీకరించెను.

ఇట్టి కిటుకులకు ఆటగాండ్రలో వాడుకనున్న పేర్లు కొన్ని గలవు. ఒకే పావు ఒకే ఎత్తుతో రెండు పావులపై దాడి చేసిన అది ఫోర్కు. వెనుకనున్న విలువైన పావు పోవునను భయముచే ముందున్నది కదలలేకపోయిన అది పిన్ను. వెనుకనున్నది రాజే అయినచో ఆ వరుస విడుచుటకు ఆట నియమమే ఒప్పదు. విలువైనదే ముందుండి, అది తప్పుకొనగా వెనుకనున్నది చిక్కిన అది స్క్యూయరు. ఎదుటి పావును దానికి హానియగు గడికి రప్పించుట ఎర.

నిర్వచనములు సులభమే. పేరు అంటించుటలోనే చిక్కున్నది. ఒక జవాబులో పిన్ను కంటబడినంత మాత్రమున అది పిన్ను చిక్కు కాదు. ఆ కిటుకును తీసివేసి చూడవలెను. జవాబు కూలినచో ఆ పేరు తగును, నిలిచినచో తగదు.

అరుగు మీది తగవును ఇట్లే పరీక్షింతము. ఎర లేనిచో రాజు ఏనుగు ప్రక్క గడిలోనే యుండి, వచ్చిన గుర్రమును తానే చంపును. ఫోర్కు లేనిచో మంత్రిని ఊరక పోగొట్టుకొనుటయే. రెండును ఆవశ్యకములే. “బలి” అను పేరు సైతము తప్పు కాదు గాని, అది ఎన్నో చిక్కులకు చెల్లును. ఏమి వెదకవలెనో అభ్యాసికి చెప్పదు.

సరియైన నిర్వచనము కుదురుటకు ఏండ్లు పట్టిన సందర్భమొకటి మన దేశము పేరనే యున్నది. 1845లో “షాగిర్ద్” అను మారుపేరుతో ఇండియా నుండి పంపబడిన సమస్యయొకటి “చెస్ ప్లేయర్స్ క్రానికల్” అను ఆంగ్ల పత్రికలో వెలువడెను. కూర్చినవాడు హెన్రీ లవ్‌డే అను మతాచార్యుడు. నల్లరాజుకు కదలిక లేక ఆట సమముగా ముగియు ప్రమాదమందు కలదు. కనుక తెలుపు తన పావునొకదానిని ఒక కీలకమైన గడి దాటించి, ఆ గడిలో తనదే మరియొక పావును అడ్డుపెట్టి రాజుకు ఊపిరి ఇచ్చును. పిదప అడ్డు తొలగించి ఆటకట్టు చేయును. “ఇండియన్ సమస్య”గా అది ప్రసిద్ధి కెక్కెను. అందలి సారమేదో విడదీసి చూపుటకై జర్మనీలో కోట్జ్, కోకెల్‌కోర్న్ అనువారు 1903లో ఒక గ్రంథమే వెలువరించిరి.

ఇంట చదరంగము నేర్పువారికి మా మనవి యొకటి. పేరును చిక్కు నెత్తిన వ్రాయక, జవాబు వెనుక వ్రాయుడు. ముందే “ఫోర్కు” అని చెప్పినచో పిల్లవాడు గుర్రమునే చూచును. నిజమైన ఆటలో చెవిలో చెప్పువారెవరును ఉండరు. విప్పిన పిమ్మట పేరు తెలిసినచో, అట్టి స్థితి మరల ఎదురైనపుడు దానిని గుర్తింపగలడు.

శ్రీకూర్మనాథుని ఆలయమునకు ధ్వజస్తంభములు రెండు; స్వామి ఒక్కడే. ఆ చిక్కునకును పేర్లు రెండుండవచ్చునని మేము చెప్పగా, మేనమామ నవ్వి, పావులను మరల పేర్చెను.