ఔషధ పరిశ్రమల్లో టోలుయిన్ ద్రావణి: ఖాళీ డ్రమ్ముతోనూ ప్రమాదమే

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని పైడిభీమవరం పారిశ్రామిక ప్రాంతంలో ఔషధాల ముడిపదార్థాలు తయారుచేసే కర్మాగారాలు నెలకొని ఉన్నాయి. దానికి ఆనుకొని విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలం ఉన్నది. ఈ తరహా పరిశ్రమల్లో తయారయ్యే మందు కంటె దానిని కరిగించి, శుద్ధి చేసే ద్రావణుల పరిమాణమే సాధారణంగా ఎక్కువ. ప్రమాదం సంభవించినపుడు వీటన్నిటినీ 'విషవాయువు' అనో 'యాసిడ్' అనో పేర్కొనడం పరిపాటి. వీటిలో విరివిగా వాడే టోలుయిన్ ఆ రెండింటిలో ఏదీ కాదు.

టోలుయిన్ రంగులేని ద్రవం. దక్షిణ అమెరికాలో లభించే టోలూ అనే చెట్టు జిగురు నుండి దీనికి ఈ పేరు వచ్చింది. ప్రస్తుతం దీనిని ప్రధానంగా పెట్రోలియం నుండి తీస్తున్నారు. ఇది 110.6 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. నీటి కంటె తేలిక, నీటిలో దాదాపు కరుగదు. దీని ఆవిరి మాత్రం గాలి కంటె మూడు రెట్లు బరువైనది. అందువలన పైకి పోక నేలబారుగా పాకి కాలువల్లో, గుంతల్లో చేరుతుంది. రంగులు, జిగుర్లు, పెయింట్లలో కలిపే థిన్నర్లలోనూ దీనిని వాడతారు. ఔషధ కర్మాగారాల్లో దీనికి మరొక ప్రయోజనం ఉన్నది. నీటితో కలిపి మరిగించినపుడు రెండూ కలిసి సుమారు 85 డిగ్రీల వద్దనే ఆవిరవుతాయి కనుక రసాయన చర్యలో పుట్టిన నీటిని తొలగించడం సులభమవుతుంది. వాడిన ద్రావణిని స్వేదనం చేసి తిరిగి ఉపయోగిస్తారు. పూర్తయిన మందులో దీని అవశేషం సాధారణంగా పది లక్షల భాగాలకు 890 భాగాలు మించరాదని అంతర్జాతీయ ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి.

ఇక ప్రమాదం విషయం. 4 డిగ్రీల వద్దనే టోలుయిన్ మండగల ఆవిరిని వెలువరిస్తుంది. ఉత్తరాంధ్ర తీరంలో పుష్యమాసపు రాత్రి సైతం అంతకంటె వెచ్చగానే ఉంటుంది. గాలిలో ఈ ఆవిరి 1.1 శాతం నుండి 7.1 శాతం వరకు ఉన్నపుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. మూసిన పెట్రోలు ట్యాంకులో సాధారణంగా ఆవిరి మరీ దట్టంగా ఉండి పేలుడుకు అనువుగా ఉండదు. టోలుయిన్ విషయం వేరు. 25 డిగ్రీల వద్ద మూసిన పాత్రలోని ఖాళీ భాగంలో దీని ఆవిరి సుమారు 3.7 శాతానికి చేరుతుంది, అంటే సరిగ్గా పేలుడు పరిధి నడుమకు. 200 లీటర్ల డ్రమ్ములోని గాలి పేలుడు స్థితికి రావడానికి అడుగున మిగిలిన పది మిల్లీలీటర్ల ద్రవం చాలు. నిండు డ్రమ్ము కంటె ఖాళీ డ్రమ్మును గురించి ఎక్కువ భయపడవలసి రావడం ఇందువల్లనే. అట్టి డ్రమ్ములను గ్యాస్ కట్టర్‌తో కోయడం ప్రాణాంతకం. వాటిని నీటి నిల్వకు వాడరాదు. రసాయనాలు అంటిన ఖాళీ పీపాలు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల పరిధిలోకి వస్తాయి. అనుమతి లేని పాత ఇనుము వ్యాపారులకు వాటిని అమ్మరాదు.

నిప్పు బయటినుండే రానక్కరలేదు. టోలుయిన్ గొట్టంలో వేగంగా ప్రవహించినపుడు దానిలో స్థిర విద్యుత్తు పుడుతుంది. కనుక పాత్రలను, గొట్టాలను భూమికి అనుసంధానించాలి. ద్రవాన్ని ఎత్తునుండి పోయక, గొట్టపు కొన మునిగే వరకు నెమ్మదిగా నింపాలి. పాత్రలోని గాలిని నైట్రోజన్‌తో తొలగించాలి. 2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోని ఒక ఔషధ కర్మాగారంలో మరొక ద్రావణి కారి, ఆవిరి పేలి 17 మంది మరణించారు. ద్రావణి వేరైనను ఆవిరి ధోరణి అదే.

ఆరోగ్యపరంగా చూస్తే, టోలుయిన్ ఆవిరి మొదట తలనొప్పి, మగత, తూలుడు కలిగిస్తుంది. దీర్ఘకాలం పీల్చినవారిలో నాడీమండలం దెబ్బతింటుంది. యంత్రాల హోరు తోడైతే వినికిడి మరింత తగ్గుతుంది. బెంజీన్ వలె ఇది కాన్సర్ కారకమని నిర్ధారణ కాలేదు. వాసన ఆగిపోయినంత మాత్రాన ఆవిరి పోయినట్లు కాదు, ముక్కు దానికి అలవాటుపడుతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఎనిమిది గంటల సగటుకు పది లక్షల భాగాల గాలిలో 100 భాగాల పరిమితి విధించగా, అమెరికాలోని పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం 2007లో తన సిఫారసును 20కి తగ్గించింది. చేతులకంటిన రంగును థిన్నర్‌తో కడుక్కునే పెయింటర్లు సబ్బునీరు వాడడం మేలు. పొరపాటున మింగినవారికి వాంతి చేయించరాదు. ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోవచ్చును.

జాతీయ రహదారిపై టోలుయిన్ ట్యాంకరు బోల్తాపడినచో పలకపై గల 1294 సంఖ్యను బట్టి గుర్తించవచ్చును. మంటపై నీటిధార కొట్టరాదు. మండుతున్న ద్రవం నీటిపై తేలి మరింత విస్తరిస్తుంది. నురుగు వాడాలి. గాలి వీచే దిశకు ఎదురువైపున ఉండి, సమీపంలోని గెడ్డలోకి, మురుగుకాలువలోకి ద్రవం చేరకుండా ఇసుకతో కట్ట వేయాలి. సంఘటనాస్థలికి వచ్చే విలేఖరులు వాహనాలను, సెల్‌ఫోన్లను దూరంగా నిలిపివేయవలసి ఉంటుంది.