జట్టులో నలుగురు... మాట ఒక్కరిదే!

మొన్న మంగళగిరిలో అక్కయ్య వాళ్లింటికెళ్తే మేనల్లుడు కంప్యూటర్ ముందు నుంచి లేవట్లేదు. ఏంటా అని చూస్తే 'బాల్డర్స్ గేట్ 3'! బెల్జియం సంస్థ లేరియన్ స్టూడియోస్ 2023లో తెచ్చిన ఆట. ఆ ఏడాది 'గేమ్ ఆఫ్ ది ఇయర్' అవార్డు దానిదే. కంప్యూటర్‌లో 150 జీబీ చోటు కావాలట. అంత పొగిడారు కదా అని నేనూ కూర్చున్నా.

నలుగురితో జట్టు కట్టాలి. ఒకరు మంత్రగాడు, ఒకరు తాళాలు తీసే దిట్ట... అష్టాచెమ్మాకి గవ్వల్లాగా దీనికి ఇరవై ముఖాల పాచిక. పోరాటం వంతులవారీగా, భలేగా సాగింది.

చిక్కల్లా మాటల దగ్గరే! ముందు నడిచే యోధుడు ఎవరినైనా పలకరించాడా, ఇక బతిమాలినా బెదిరించినా పాచిక వేయాల్సింది అతనే. మాటకారి గాయకుడు పక్కనే ఉన్నా మధ్యలో అందుకునే వీల్లేదు. మంత్రమేసి పాచికకు కాస్త బలమిస్తారంతే. మరి జట్టెందుకు? ఇక్కడి చేనేత కొట్లో చీర బేరమాడుతూ అక్కయ్య తడబడితే, పక్కనున్న పిన్ని ఊరుకుంటుందా?

''పాత సేవ్ తెరిచి మళ్లీ ఆడు మావయ్యా, పాచిక మారుద్ది'' అన్నాడు వాడు. మారింది. గెలిచా. అయినా గెలిచినట్టే లేదు. కొండ మీద పానకాల స్వామి బిందెలో సగమే పుచ్చుకుంటాడుగా... నేనూ సగం ఆడి, మిగతాది వాడికే వదిలేశా.