ఉద్యోగం ఉందని మనకు చెప్పేదెవరు?

ఉద్యోగం అనగానే మనవాళ్లు నోటిఫికేషన్ కోసం చూస్తారు. సర్కారు ఉద్యోగమైతే ప్రకటన పడుతుంది, పరీక్ష ఉంటుంది, రోస్టర్ ఉంటుంది. ఎవరూ తెలియకపోయినా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ప్రైవేటు రంగంలో అట్లా కాదు. ఎన్నో ఖాళీలు బయటికి పొక్కకముందే లోపలివాళ్ల మాట మీద నిండిపోతాయి. ఆ లోపలివాళ్లలో మనల్ని ఎరిగినవాళ్లు ఎందరన్నదే ప్రశ్న.

మనకు పరిచయాలే లేవనడం నిజం కాదు. బుక్కరాయసముద్రం చుట్టుపక్కల వాన మొహం చాటేసి శెనిక్కాయ పోయిన ఏడు, బెంగళూరు పనికి ఎట్లా పోతున్నారు? ముందు పోయిన బావమరిదో, మేస్త్రీనో కబురు పెడతాడు. పని యాడుంది, కూలి ఎంత, రాత్రి యాడ పండుకోవాల, అన్నీ చెప్తాడు. నెట్‌వర్క్ అంటే ఇదే. కాకపోతే కులం దాన్ని కూలి దగ్గరే ఆపేసింది. ఇదే మండలం జంతలూరులో ఇప్పుడు 2018లో మొదలైన కేంద్రీయ విశ్వవిద్యాలయం క్యాంపస్ ఉంది. అక్కడ మన పిల్లలకు డిగ్రీ వస్తుంది. ఆ డిగ్రీతో ఏ తలుపు తట్టాలో చెప్పే మేస్త్రీ మాత్రం ఇంట్లో లేడు.

అగ్రకులాల ఇండ్లలో ఈ పని మామలు, బాబాయిలు చేసిపెడతారు. దానికి పెట్టిన పేరు మెరిట్. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. అర్హతలు సమానమే, తేడా పేర్లలోనే. అగ్రకుల హిందూ పేర్లతో పోలిస్తే దళిత పేర్లకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే. అదే ఏడు ప్రచురించిన అధ్యయనం కోసం సురిందర్ జోద్కా, కేథరిన్ న్యూమన్ 25 మంది నియామక అధికారులతో మాట్లాడారు. అభ్యర్థుల కుటుంబ నేపథ్యం అడగడం, ఉన్న ఉద్యోగుల సిఫారసు మీద ఆధారపడడం వాళ్లకు మామూలు సంగతులని తేలింది.

మరి 2003లో మొదలైన లింక్డ్‌ఇన్ లాంటి వేదికలు మనకేం చేస్తాయి? కులాన్ని తుడిచేయవు. తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లనే అవి ముందు చూపిస్తాయి గనక ఉన్నవాడికే ఇంకా కలుపుతాయి. అయినా అక్కడ ఒక పట్టు ఉంది. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలో చేసి 1970లలో ప్రచురించిన పరిశీలనలో, పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో సుమారు ఆరుగురిలో ఒకరికే అది తరచూ కలిసే మనిషి వల్ల దొరికింది. దగ్గరివాళ్లకు మనకు తెలిసిందే తెలుస్తుంది, కొత్త కబురు దూరపు పరిచయం నుంచి వస్తుంది. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన లింక్డ్‌ఇన్ అధ్యయనం కూడా, రెండు కోట్ల మంది మీద చేసిన ప్రయోగాలతో, దాదాపు ఇదే చెప్పింది.

కాబట్టి చేయాల్సినవి కొన్ని. ప్రొఫైల్‌లో "ఉద్యోగం కావాలి" అని కాదు, చేసిన పని రాయాలి. ఊర్లో చేసిన సర్వే, హాస్టల్ సమస్య మీద తయారుచేసిన నివేదిక, తెలుగుతోపాటు కన్నడం రావడం, ఇవన్నీ అర్హతలే. యూనివర్సిటీ పేజీలో పూర్వ విద్యార్థులు ఏ పనుల్లో ఉన్నారో చూడాలి. వాళ్లను ఉద్యోగం అడగొద్దు, సమాచారం అడగాలి: "మేడమ్, మీరు చదివిన విభాగంలోనే చదువుతున్నాను. మీ రంగంలోకి రావాలంటే ఏం నేర్చుకోవాలో చెప్పగలరా?" ఇట్లా పదిమందికి రాస్తే ఇద్దరు పలికినా లాభమే. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగినవాడిని నమ్మొద్దు.

ఇంటిపేరు రాయాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిన సంగతి. దాచుకున్నవాళ్లను తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. తప్పు చూసేవాడి కళ్లలో ఉంది.

ఇది రిజర్వేషన్లకు బదులు కాదు. ప్రైవేటు రంగంలో వాటా కావాలని 2002 జనవరిలో భోపాల్ డిక్లరేషన్ అడిగింది. ఆ డిమాండ్ అట్లాగే ఉంది. పోరాటం సాగుతుండగానే, లోపలికి పోయిన ప్రతి ఒక్కరూ వెనకున్నవాళ్లకు కబురు పెట్టాలి. కూలికి పోయిన మనవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నది అదే.