దొర తాతయ్య ఊరు

నాలుగేళ్ళ క్రితం సంగతి. మస్కట్‌లో, రువీలో ఒక సనద్ ఆఫీసుకి మా బావతో కలిసి వెళ్ళాను. సనద్ అంటే మన మీసేవ లాంటిదనుకోండి. కౌంటర్ వెనక ఉన్న ఒమానీ కుర్రాడు బావ పాస్‌పోర్టు తీసుకుని ఒకసారి ఫోటో చూశాడు, ఒకసారి బావ మొహం చూశాడు, మళ్ళీ పేరు చదివాడు. పాస్‌పోర్టు ఇండియాది. రంగు బెజవాడ ఎండది. ఇంటిపేరు మాత్రం అచ్చ ఇంగ్లీషుది.

"ఇదెలా?" అని నవ్వుతూ అడిగాడు.

బావ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చిన జవాబే చెప్పాడు. "మా తాత ఇంగ్లండు నుంచి వచ్చాడు."

"ఇంగ్లండులో ఏ ఊరు?"

ఒమానీలు ఈ ప్రశ్న ఊరికే అడగరు. వాళ్ళ పేరులోనే సొంత పేరు, తండ్రి పేరు, తాత పేరు, చివర తెగ పేరు వరసగా ఉంటాయి. పేరు చెబితే ఊరు చెప్పినట్టే. బావ "బ్రిస్టల్" అన్నాడు. కుర్రాడు తృప్తిగా తల ఊపి కాగితాల మీద ముద్ర వేశాడు.

బయటికొచ్చి కరక్ చాయ్ తాగుతుంటే బావ అసలు విషయం బయటపెట్టాడు. కంపెనీ కాంట్రాక్టు పొడిగించలేదు. మూడు నెలల్లో వీసా అయిపోతుంది. వయసు నలభై ఎనిమిది, ఇద్దరు పిల్లలు ఇంజనీరింగ్‌లో. "తాతల్లో గానీ, నాయనమ్మ అమ్మమ్మల్లో గానీ ఎవరైనా బ్రిటన్‌లో పుట్టి ఉంటే, కామన్వెల్త్ దేశాల వాళ్ళకి అక్కడ పనిచేసుకునే వీసా ఇస్తారట. మన తాతయ్య జనన ధృవపత్రం ఒక్కటి సంపాదించిపెట్టు బావా. నీకు ఇలాంటి పాత కాగితాల పిచ్చి ఉందిగా" అన్నాడు.

ఆ పిచ్చి నాకు ఉన్న మాట నిజమే. అలా మొదలైంది.

*

తాతయ్య మా అమ్మకి నాన్న. రైలింజను డ్రైవరు. గుంతకల్లు షెడ్డులో అప్రెంటిసుగా చేరి, బెజవాడలో మెయిలు బండ్లు నడిపి, 1961లో రిటైరయ్యాడు. వీధిలో అందరూ దొరగారనేవారు, మేం దొర తాతయ్య అనేవాళ్ళం. అమ్మమ్మ గుంటూరు దగ్గర పల్లెటూరి క్రిస్టియన్ కుటుంబం నుంచి వచ్చిన నర్సు. ఆయన పోయేనాటికి నాకు ఎనిమిదేళ్ళు. ఆయన గురించి నాకు బాగా గుర్తున్నవి రెండే. ఒకటి, ఆదివారం చర్చికి వేసుకునే టై. రెండోది, రాగి సంకటి. కోస్తా మనిషైన అమ్మమ్మకి సంకటి కెలకడం రాకపోతే తాతయ్యే తెడ్డు పుచ్చుకుని నేర్పాడట. శనక్కాయల పచ్చడితో చేత్తోనే తినేవాడు. అప్పట్లో మాకెవరికీ అందులో వింతేమీ కనపడలేదు.

ఆయన చెప్పిన కథ ఇది. పుట్టింది బ్రిస్టల్‌లో. నాలుగేళ్ళ వయసులో తండ్రితో ఓడెక్కి మద్రాసులో దిగాడు. అంతే. అంతకు మించి అడిగితే పైపు వెలిగించుకునేవాడు.

అమ్మకి ఫోన్ చేసి ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఫోటోలు తీసి పంపమన్నాను. వాట్సాప్‌లో నాలుగు సాక్ష్యాలు వచ్చాయి, నాలుగూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటూ.

కుటుంబ బైబిలు మొదటి పేజీలో 1908, బ్రిస్టల్ అని ఉంది. రైల్వే పెన్షను కాగితంలో 1906, బళ్ళారి. 1938 నాటి పెళ్ళి సర్టిఫికెట్టులో వయసు ముప్ఫై అని ఉంది గానీ పుట్టిన ఊరు లేదు. సమాధి రాయి మీద 1910, బ్రిస్టల్, ఇంగ్లండ్. మా పెద్ద మామయ్య పాలరాయి మీద చెక్కించిన అక్షరాలవి.

బళ్ళారి సంగతి అమ్మని అడిగితే "కంపెనీ గుమాస్తా తప్పు రాశాడని నాన్న చెప్పేవాడు" అంది.

వంశవృక్షాలు వెతికేవాళ్ళకి ఒక మొదటి పాఠం ఉంది. కాగితం ఏం చెబుతోందన్నదానికంటే ముందు, అది ఎప్పుడు రాసింది, ఎవరు రాసింది, రాసినవాళ్ళకి అందులో లాభమేమిటి అని అడగాలి. సమాధి రాయి మనిషి పోయాక కొడుకు చెక్కించింది, కాబట్టి అది తాతయ్య చెప్పిన కథకి నకలు తప్ప మరో సాక్ష్యం కాదు. పెళ్ళిలో వయసు ఒకటి రెండేళ్ళు తగ్గించి చెప్పుకోవడం ఏ దేశంలోనైనా ఉన్నదే. మిగిలింది బైబిలు. అమ్మని మొదటి పేజీ వెనక్కి తిప్పి ముద్రణ సంవత్సరం చూడమన్నాను. 1931. అంటే 1908లో జరిగిన సంగతి కనీసం 23 ఏళ్ళ తరువాత రాశారు. పైగా తాతయ్య పుట్టుక నుంచి 1944లో అమ్మ పుట్టుక దాకా వివరాలన్నీ ఒకే సిరా, ఒకే చేతిరాత. ఒకే రోజు కూర్చుని రాసినట్టున్నాయి.

బావకి ఇవేవీ అక్కర్లేదు. అతనికి కావలసింది ఒక సర్టిఫికెట్టు. ఇంగ్లండులో 1837 జూలై నుంచి జనన మరణాలు సర్కారు రిజిస్టర్లలో ఉన్నాయి. సూచికలో వెతికాను. 1908లో, బ్రిస్టల్‌లో, అదే పేరు, అదే ఇంటిపేరు. దొరికాడు!

రాత్రి పదకొండింటికి బావకి ఫోన్ చేశాను. అటు నుంచి చాలాసేపు మాట రాలేదు. తరువాత బావ గొంతు సవరించుకుని "థాంక్స్ రా" అన్నాడు. ఆ ఫోన్ చేసినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఎందుకంటే మర్నాడు 1911 జనాభా లెక్కలు చూశాను. ఆ బ్రిస్టల్ పిల్లాడికి అప్పుడు మూడేళ్ళు. తండ్రి పేరు వేరు. ఓడెక్కి వెళ్ళిపోయాడేమో, తండ్రి పేరులో ఏదో పొరపాటేమో అని సర్దిచెప్పుకున్నాను. చివరికి 1939 సెప్టెంబరు రిజిస్టరు దెబ్బ కొట్టింది. యుద్ధం మొదలైన నెలలోనే ఇంగ్లండులో ఇంటింటికీ తిరిగి, పుట్టిన తేదీలతో సహా రాసుకున్న పట్టిక అది. అదే పేరు మనిషి, అదే 1908లో పుట్టినవాడు, ఆ నెల బ్రిస్టల్‌లోనే ఉన్నాడు. అప్పటికి మా తాతయ్యకి బెజవాడలో పెళ్ళయి ఏడాది దాటింది.

పేరు కలిసినంత మాత్రాన మనిషి కలవడు. మన ఊళ్ళో వెంకటేశ్వర్లు ఎంతమందో, ఇంగ్లండులో జాన్‌లూ విలియమ్‌లూ అంతమంది.

*

ఇక బళ్ళారి వైపు తిరగక తప్పలేదు. కంపెనీ రోజుల నుంచి ఒక ఏర్పాటు ఉండేది. ఇక్కడి చర్చిల్లో జరిగే బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాల వివరాలకి పాదిరీలు నకళ్ళు రాసి ప్రెసిడెన్సీ రాజధానికి పంపేవారు, అక్కడి నుంచి లండన్‌కి వెళ్ళేవి. ఇవాళ అవి బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఉన్నాయి. బెంగాలుకి ఎన్/1, మద్రాసుకి ఎన్/2, బొంబాయికి ఎన్/3. చాలావరకు ఫైండ్ మై పాస్ట్ అనే సైటులో చూడొచ్చు. ఫిబిస్ అనే సంఘం వాళ్ళ సూచికలు ఉచితం. మస్కట్‌లో ఒకప్పుడున్న బ్రిటిష్ ఏజెన్సీ కాగితాలూ ఆ ఇండియా ఆఫీసు రికార్డుల్లోనే ఉన్నాయి. మేం పనికోసం వచ్చిన ఊరి చరిత్రా, మమ్మల్ని కన్న ఊరి చరిత్రా ఒకే కప్పు కింద ఉన్నాయన్నమాట. 1970 దాకా ఇక్కడ చెల్లింది రూపాయలే అని తెలిసినప్పుడు కూడా ఇలాగే అనిపించింది.

రెండు శుక్రవారాలు పట్టింది. ఇంటిపేరు చివర ఒక అక్షరం తేడాతో ఉండటంవల్ల మొదట దొరకలేదు. 1906, బళ్ళారి, బాప్తిస్మం. తండ్రి సదరన్ మరాఠా రైల్వేలో ఫైర్‌మన్. గుమాస్తా తప్పు రాయలేదు.

అక్కడి నుంచి ఒక మెట్టు పైకి, ఆ ఫైర్‌మన్ పెళ్ళి, 1903. అందులో అతని తండ్రి పేరు ఉంది. ఇంకో మెట్టు పైకి, ఆ తండ్రి పెళ్ళి, 1877, బళ్ళారి కంటోన్మెంటు. వరుడు తెల్ల రెజిమెంటులో సిపాయి. తరువాత సైన్యం వదిలి రైల్వేలో చేరాడు. సైన్యంలో చేరేటప్పుడు అతను ఇచ్చిన వివరాల కాగితం లండన్ శివార్లలో క్యూలో ఉన్న జాతీయ దస్తావేజుల్లో దొరికింది. పుట్టిన పారిష్ రాసి, పక్కన ఏ పట్నానికి దగ్గర అన్న చోట బ్రిస్టల్ అని ఉంది.

కుర్చీలో వెనక్కి వాలిపోయాను. తాతయ్య చెప్పిన ఊరు అబద్ధం కాదు. ఓడా అబద్ధం కాదు. కాకపోతే ఆ ఓడెక్కింది ఆయన కాదు, ఆయన తాత. రెండు తరాలు మింగేసి, ఆ కథని తన మీద వేసుకున్నాడు.

ఎందుకు? ఆ రోజుల్లో రైల్వేలో జీతం, క్వార్టరు, ఏ బండి నడపాలన్నది కూడా పుట్టుకని బట్టి ఉండేవి. ఇంగ్లండులో పుట్టినవాడు ఒక మెట్టు, ఇక్కడ స్థిరపడ్డ యూరోపియన్ ఒక మెట్టు, ఆంగ్లో ఇండియన్ ఇంకో మెట్టు, వాళ్ళందరి కింద మనవాళ్ళు. కంపెనీ పుస్తకంలో బళ్ళారి అని ఉన్నా, ఇన్‌స్టిట్యూటులో పేకాట దగ్గరా, పెళ్ళి సంబంధాల దగ్గరా నోటిమాటే చెల్లుతుంది.

1877 పెళ్ళి రిజిస్టరులో వధువు గడి కూడా ఉంది. పేరు మేరీ. పక్కన 'నేటివ్ క్రిస్టియన్'. వరుడి తండ్రి పేరు రాశారు. ఆమె తండ్రి పేరు ఉండాల్సిన చోట ఒక గీత. సంతకం చోట 'ఆమె గుర్తు' అని ఒక ఇంటూ మార్కు. బాప్తిస్మానికి ముందు ఆమెకి ఏ పేరుండేదో, ఏ ఊరో, ఇంట్లో తెలుగో కన్నడమో తమిళమో, ఏమీ లేదు. ఆ ఇంటూ కూడా లండన్‌కి పంపిన నకలులో గుమాస్తా గీసిందే. ఆమె చేత్తో పెట్టింది బళ్ళారి పుస్తకంలో ఎక్కడో ఉండాలి.

హైదరాబాదు రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కథ చాలామందికి తెలుసు. ఆయనకీ ఖైరున్నిసాకీ పుట్టిన ఇద్దరు పిల్లల్ని 1805లో ఇంగ్లండు పంపించేశారు. సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం అక్కడ బాప్తిస్మం పొంది విలియం జార్జ్, కేథరిన్ అరోరా అయ్యారు. తల్లిని మళ్ళీ చూడలేదు. అయినా కేథరిన్ పెద్దయ్యాక హైదరాబాదులో ఉన్న అమ్మమ్మ జాడ తెలుసుకుని ఉత్తరాలు రాసుకోగలిగింది. పెద్దింటివాళ్ళు కాబట్టి పేర్లు మిగిలాయి. మా మేరీకి గీత మిగిలింది.

ఆ మాట మా ఆఫీసులో ఒమానీ మిత్రుడితో అన్నాను. వాళ్ళ కుటుంబం జాంజిబార్‌లో మూడు తరాలుండి, 1964 తిరుగుబాటు తరువాత చెదిరిపోయి, 1970 తరువాత సుల్తాన్ ఖాబూస్ రమ్మంటే తిరిగొచ్చింది. ఇంట్లో ముసలివాళ్ళు ఇప్పటికీ స్వాహిలీ మాట్లాడతారు. "మా తెగ పెద్ద మా తాతల పేర్లు వరసగా విని మీరు మావాళ్ళే అన్నాడు. మా ముత్తవ్వ ఆఫ్రికా మనిషి. ఆమె పేరు ఎవరూ అడగలేదు" అన్నాడు. కాస్త ఆగి, "నాకూ తెలియదు" అన్నాడు.

*

బావకి చెప్పాల్సి వచ్చింది. మత్రా సముద్రం ఒడ్డున కూర్చున్నాం. అంతా విన్నాక, "ఆ బ్రిస్టల్ పిల్లాడి సర్టిఫికెట్టు డబ్బు కడితే ఎవరికైనా ఇస్తారుగా?" అన్నాడు.

"ఇస్తారు."

"బైబిల్లో 1908, బ్రిస్టల్ అనే ఉంది. రాయి మీదా బ్రిస్టలే. ఎవడు చూడొచ్చాడు?"

నేనేమీ అనలేదు. అతని అవసరం ఎంతటిదో నాకు తెలుసు. ఆ బ్రిస్టల్ ఆయన మా తాతయ్య కాదని కూడా తెలుసు. అప్పుడే ఫోనులో ఇంకో కాగితం చూపించాను. అమ్మ పంపిన కట్టలో అడుగున ఉన్న 1949 నాటి ఉత్తరం. తాతయ్య బ్రిటిష్ పౌరసత్వానికి దరఖాస్తు పెడితే వచ్చిన జవాబు. మగ వరసలో పూర్వీకుడు ఇంగ్లండులో పుట్టినట్టు చూపగలిగినవాళ్ళకి 1948 చట్టంలో ఒక దారి ఉండేది. ఆ ఉత్తరంలో ఆయన జనన పత్రం, తండ్రిది, తాతది, వాటితోపాటు వాళ్ళ పెళ్ళి పత్రాలు పంపమని అడిగారు.

"పంపి ఉంటే దొరికేదేమో కదా? తాత నిజంగా అక్కడివాడేగా" అన్నాడు బావ.

"పంపాలంటే 1877 కాగితం పంపాలి. మేరీని చూపించాలి."

పంపినట్టు గుర్తు లేదు. ఉత్తరం మడత పెట్టి దాచాడు. ఇది నా ఊహే. వద్దనుకున్నాడో, అమ్మమ్మని వదిలి వెళ్ళలేకపోయాడో, చెప్పేవాళ్ళు లేరు.

బావ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి ఫోను తిరిగిచ్చాడు. "ఆయనే దొంగ కాగితం పెట్టలేదు. వదిలెయ్" అన్నాడు. మూడు నెలల తరువాత బెజవాడ వెళ్ళిపోయాడు. ఏడాది కష్టపడ్డాడు. ఇప్పుడు ఒక కోల్డ్ స్టోరేజీలో మెయింటెనెన్సు చూస్తున్నాడు. నా మూలంగా అతనికి ఒరిగిందేమీ లేదు.

అమ్మకి చెప్పడం ఇంకా కష్టమనుకున్నాను. తండ్రి దొర అన్న మాట మీద డెబ్బై ఏళ్ళు బతికిన మనిషి. వీడియో కాల్‌లో ఒక్కొక్క కాగితం చూపిస్తూ చెప్పాను. మేరీ దగ్గరికొచ్చేసరికి ఆపమని చెయ్యెత్తింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"సంకటి" అంది.

"ఏంటమ్మా?"

"ఇంగ్లండులో పుట్టినాయనకి సంకటి కెలకడం ఎలా వచ్చని మనమెవరం అడగలేదురా. వాళ్ళ నాయనమ్మ నేర్పి ఉంటుంది."

1877లో పెళ్ళయిన మనిషి 1906లో పుట్టిన మనవడికి సంకటి తినిపించేంతకాలం బతికిందో లేదో నా దగ్గర ఆధారం లేదు. ఖననాల రిజిస్టరులో ఇంకా వెతకాలి. ఆ మాట అమ్మతో అనలేదు. బళ్ళారి చర్చిలో పాత పుస్తకం ఉందేమో కనుక్కోమని బావకి చెప్పాను. గుంతకల్లు మీదుగా రాత్రి బండి ఉంది, వచ్చే నెల వెళ్తానన్నాడు.